మంటలార్పిన చేతులకు ఉద్యోగమేది?

"ఆడవాళ్లు అడవి మంటలార్పగలరా?" అని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. అమెరికాలో ఈ పనికి శిక్షణతోపాటు ఒక నడక పరీక్ష ఉంది. 20 కిలోల బరువు మోస్తూ దాదాపు 5 కిలోమీటర్లు 45 నిమిషాల్లో నడవాలి. ఆడామగా అందరికీ అదే కొలత.

కాలిఫోర్నియాలో 1980ల నుంచి మహిళా ఖైదీలు ఈ పని చేశారు. మంటల దగ్గర గంటకు అదనంగా ఇచ్చింది ఒక్క డాలరు. విడుదలయ్యాక అదే ఉద్యోగం అడిగితే నేరచరిత్ర అడ్డొచ్చేది. చాలా అగ్నిమాపక శాఖలు అడిగే అత్యవసర వైద్య సర్టిఫికెట్ వాళ్లకు దక్కేది కాదు. కోర్టు ద్వారా ఆ రికార్డు కొట్టేయించుకునే వీలు 2020లో చట్టంగా వచ్చింది. ఘోర నేరాలకు అదీ వర్తించదు.

చౌకగా పని చేయించుకున్నప్పుడు అడ్డురాని నేరం జీతమివ్వాల్సినప్పుడే ఎందుకు గుర్తొచ్చింది? మన దగ్గరా అడుగుదాం: పని నేర్చిన ఆమెకు సర్టిఫికెట్ ఏది? పర్మనెంటు ఉద్యోగం ఏది?