లెక్కలో లేనోనికి సాయమెక్కడిది?



కరోనా కాలంలో ప్రభుత్వాలు రైతుకు ఎంత ఇచ్చినయని అందరూ అడుగుతరు. మనం ఇంకో మాట అడగాలె. ఏ లెక్కన ఇచ్చినయి? సాయం ఎవరి గడప తొక్కాలో తేల్చింది ఆ లెక్కనే.

ముందు అమెరికా సంగతి చూద్దాం. 2020 ఏప్రిల్ 17న అక్కడి వ్యవసాయ శాఖ 1,900 కోట్ల డాలర్ల పథకం ప్రకటించింది. అందులో 1,600 కోట్లు నేరుగా రైతులకు. మే 26 నుంచి దరఖాస్తులు తీసుకున్నరు. మక్కలు, సోయా, పాలు, పశువులు, కూరగాయలు జాబితాలో ఉన్నయి. నర్సరీ మొక్కలు, పూలు లేవు.

వడ్లను గోదాంలో దాచొచ్చు. సంచిలో మొక్కను ఆపలేం. అమ్మకం బందైనా నీళ్లు పెట్టాలె, కూలి ఇయ్యాలె. అక్కడ పూలకు, మొక్కలకు వసంతకాలమే పెద్ద గిరాకీ. సరిగ్గా ఆ రోజుల్లోనే పెండ్లిళ్లు, వేడుకలు ఆగిపోయినయి.

జాబితాలో లేని పంటల నష్టాలకు ఆధారాలు పంపాలని వ్యవసాయ శాఖ జూన్ 22 దాకా గడువిచ్చింది. ఆ తర్వాత ఆగస్టు 11న నర్సరీ పంటలు, పూలు జాబితాకెక్కినయి. దరఖాస్తు గడువు సెప్టెంబర్ 11 దాకా పెరిగింది. అదే నెలలో ప్రకటించిన రెండో విడతలో నర్సరీలకు 2019 అమ్మకాలే కొలత. 50 వేల డాలర్ల లోపు అమ్మకానికి 10.6 శాతం. అమ్మకం పెరిగినకొద్దీ శాతం తగ్గుతూ 8.8కు దిగుతది. భూమి సొంతమా, కౌలా అన్నది ఆ లెక్కలో లేదు.

అదంతా న్యాయమని మేం అనడం లేదు. ఆ లెక్కన 40 వేల డాలర్లు అమ్మినోనికి 4,240 వస్తయి, 10 లక్షలు అమ్మినోనికి దాదాపు 94 వేలు. మనిషికి రెండున్నర లక్షల డాలర్లని హద్దు పెట్టినా పెద్దోనికే పెద్ద ముద్ద. కానీ పండించినోని పేరు జాబితాలో ఉన్నది.

మరి మన దగ్గర? 2020 ఏప్రిల్‌లో కేంద్రం పీఎం కిసాన్ విడత 2,000 రూపాయలు ముందుగాల వేసింది. అది భూమి తమ పేర ఉన్న కుటుంబాలకే. జూన్‌లో తెలంగాణలో రైతుబంధు ఎకరాకు 5,000 పడ్డది. అదీ పట్టాదారు పాసుపుస్తకం ఉన్నోళ్లకే. కౌలు చెలకల బంతిపూలు పండించినోనికి, వేల సంచుల్ల మొక్కలు పెంచినోనికి ఏం దక్కింది? పక్కనున్న కర్ణాటక 2020 మే 6న పూల రైతులకు హెక్టారుకు 25 వేలు, ఒక హెక్టారు మించకుండా ప్రకటించింది. పూలు కూడా పంటేనని ఒక రాష్ట్రం ఒప్పుకున్నప్పుడు మిగతా రాష్ట్రాలకు ఏం అడ్డమొచ్చింది?

కౌలుదార్లకు రుణ అర్హత కార్డులు ఇయ్యాలని ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే చట్టం చేసిన్రు. సాగుదారును గుర్తించుడు కొత్త కోరిక కాదు, పాత బాకీ.

విద్యార్థులారా! ఊరికి పోయినప్పుడు ఏ చెలక ఎవరు దున్నుతున్నరో, ఏ నర్సరీ ఎవరు నడుపుతున్నరో రాసుకొని రండి. ఉద్యోగ మిత్రులారా! రిజిస్టర్లు మీ చేతుల్లనే ఉన్నయి. పంట నమోదులో పట్టాదారు పేరు పక్కన సాగుదారు పేరు కూడా రాయండి. ఆపద వచ్చినంక లెక్కలు మొదలుపెడితే పైసలు వచ్చేసరికి మొక్క ఎండిపోతది. ఆ లెక్క ఇప్పుడే కావాలని అందరం కలిసి అడుగుదాం.