పుస్తకానికి కలంకారీ అట్ట

కొల్లేటికి దక్షిణాన ఉన్న పెడన కలంకారీ అద్దకానికి పేరుపొందింది. అక్కడ నూలుబట్టను కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. ఇనుప తుక్కు, బెల్లం ఊరబెట్టిన నీళ్లను చెక్క అచ్చుతో అద్దగానే, కరక్కాయ వగరుతో ఇనుము కలిసి గీత నల్లగా తేలుతుంది.

పుస్తకం అట్టకు ఈ బట్ట ఎంతో బాగా ఒప్పుతుంది. ముందు దాని వెనుక పల్చని కాగితం అతికించాలి. లేకుంటే మైదా జిగురు పైకి ఊరి మరకలు పడతాయి. అట్ట చుట్టూ 2 సెంటీమీటర్లు వదిలి కత్తిరించి, మూలలు ఏటవాలుగా కోసి, అంచులు లోపలికి మడిచి అంటించాలి. బట్ట మీద అద్దిన లత పుస్తకం వెన్ను మీదుగా సాగేలా కోస్తే చూడముచ్చటగా ఉంటుంది. కుట్టిన కాగితాలను అందులో అమర్చి రాత్రంతా బరువు కింద ఉంచాలి.

ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు గాలిలో తేమ ఎక్కువ. అందుకే పురుగు పట్టకుండా జిగురులో కాస్త మైలుతుత్తం కలపడం బైండర్ల పాత అలవాటు. అది విషం కనుక పిల్లల పుస్తకాలకు వాడకూడదు.