వైద్యవిద్యలో సీటు: సమ్మతి తెలుపవలసిన వేళ

వైద్యకళాశాలలో సీటు దొరకుట కష్టమని అందరును ఎరుగుదురు. దొరకిన సీటులో వెంటనే చేరవలయునా, ఇంకొక మంచి సీటునకై వేచియుండవలయునా అని తేల్చుకొనుట ఎంత కష్టమో ఆ యింటివారికే తెలియును. ఈ నిర్ణయమును గూర్చియే మేము నేడు ముచ్చటింపదలచితిమి.

బైరెడ్డిపల్లె మండలములోని ఒక కుటుంబమును ఊహించుకొందము. వారికి టమోటా తోట, రెండు పాడి ఆవులు కలవు. అమ్మాయి నీట్ పరీక్షలో చెప్పుకోదగిన ర్యాంకు తెచ్చుకొన్నది. కుప్పములో పి.ఇ.ఎస్. వైద్యకళాశాల ఉన్నది. తిరుపతిలో 1960లో వెలసిన శ్రీ వేంకటేశ్వర వైద్యకళాశాల ఉన్నది. సరిహద్దు దాటినచో కోలారు, వేలూరు నగరములందును వైద్యకళాశాలలు కలవు. దారులు ఇన్ని యున్నప్పుడే మనస్సు ఊగిసలాడును.

మన రాష్ట్రములో 2017 నుండి ప్రవేశములకు నీట్ ర్యాంకే ఆధారము. ప్రభుత్వ కళాశాలల సీట్లలో నూటికి 15 అఖిల భారత కోటా క్రింద ఢిల్లీలోని వైద్య కౌన్సెలింగ్ కమిటీ నింపును. రాష్ట్ర కోటా సీట్లను విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయము నింపును. ఈ రెండింటి తేదీలు ఎల్లప్పుడు కలిసి నడువవు. అమ్మాయికి ఎక్కడో దూరరాష్ట్రమున సీటు వచ్చినట్లు ముందుగా తెలియవచ్చును. తిరుపతి మాట ఇంకను తేలకుండవచ్చును. చేరుటకు గడువు మాత్రము కొద్దిరోజులే.

ఇటీవలి సంవత్సరములలో అఖిల భారత కోటా నియమములు ఇట్లున్నవి: మొదటి విడతలో వచ్చిన సీటులో చేరకున్నను నష్టము లేదు. రెండవ విడతలో వచ్చిన సీటును కాదన్నచో ధరావతు పోవును. ఆ ధరావతు సామాన్య అభ్యర్థులకు 10,000 రూపాయలు, రిజర్వేషను వర్గములకు 5,000. డీమ్డ్ విశ్వవిద్యాలయములకైనచో 2,00,000. చేరిన పిమ్మట మెరుగైన సీటు కోరి, అది లభించినచో, పాత సీటు దానంతట అదే రద్దగును. మరల వెనుకకు పోవుటకు వీలులేదు. అనగా విడత గడచినకొలది సమ్మతి బరువు పెరుగుచుండును.

ఇచ్చట చాలమంది తల్లిదండ్రులను ఒక భయము పట్టుకొనును. పెద్ద కళాశాలను మొదట వ్రాసినచో చిన్నది కూడ చేజారునని తలచి, వెబ్ ఆప్షన్లలో తమకు నిజముగా నచ్చినదానిని క్రిందకు నెట్టుదురు. ఈ భయమునకు ఆధారము లేదు. ర్యాంకు క్రమమున ఒక్కొక్కరి వంతు వచ్చినప్పుడు, వారు వ్రాసిన వరుసలో అప్పటికి మిగిలియున్న మొదటి సీటు వారికిత్తురు. పై ఆప్షను దొరకకున్నచో క్రిందిదానిని చూతురు. కావున మనసులోని వరుసయే కాగితముపైని వరుస కావలెను. చేరుట కిష్టములేని కళాశాలను వ్రాయనే వ్రాయరాదు.

అమెరికాలోను ఈ చిక్కు కలదు. అచ్చట మన తెలుగు పిల్లలును అనేకులు వైద్యవిద్యకు దరఖాస్తు చేయుచుందురు. ఒక్కరికే పలు కళాశాలలు సీటు ఇచ్చుట కలదు. ఏప్రిల్ 30 నాటికి ఒక్క సీటు మాత్రము ఉంచుకొని తక్కినవి విడువవలెనని అచ్చటి మర్యాద. అచ్చట సమ్మతి రెండు మెట్లుగా నుండును. మొదటిది, చేరదలచితిమని తెలుపుట. అప్పటికిని నిరీక్షణ జాబితాలలో నుండవచ్చును. రెండవది, తప్పక చేరుదుమని మాట ఇచ్చుట. అంతటితో తక్కిన ఆశలన్నియు వదలుకొనవలెను. ఈ రెండు మాటల తేడా మన యిండ్లలోను గ్రహింపదగినది.

వైద్యవిద్య నాలుగున్నర ఏండ్లు, ఆపై ఒక యేడు ఇంటర్న్‌షిప్. ఇంత దీర్ఘమైన ప్రయాణమును గడువు చివరి రాత్రి, ఫోను చేతబట్టుకొని, బంధువుల కొక్కొక్కరికి ఒక్కొక్క మాట చెప్పుచు నిశ్చయించుట తగదు. ఆప్షన్లు వ్రాయుటకు ముందే ఇంటిల్లిపాదియు కూర్చుండి మూడు సంగతులు తేల్చుకొనవలెను. ఏ సీటు వచ్చినచో ఇక చాలునని ఆగుదుము? యాజమాన్య కోటా రుసుము ప్రభుత్వ సీటునకు ఎన్నో రెట్లు కదా, భూమి తాకట్టు పెట్టకుండ ఎంతవరకు భరింపగలము? ఏ తేదీ దాటినచో వేచియుండుట మానుదుము? ఈ మూడింటిలోను అమ్మాయి మాటకు మొదటి స్థానము ఈయవలెను. చదువవలసినది ఆమెయే. నియమములు ఏటేటా మారుచుండును గనుక ఆ యేటి ప్రకటనను స్వయముగా చదువుకొనవలెను.

ఇంకొక్క సంగతి. మనము విడువదలచిన సీటు ఇంకొకరి సీటు. నియమము ఒప్పిన వేళ దానిని త్వరగా విడిచినచో, మరియొక పల్లెలో ఎదురుచూచుచున్న బిడ్డకు అది సకాలమున చేరును. మీనమేషములు లెక్కించుచు చివరివరకు పట్టియుంచినచో మనకును దక్కదు, వారికిని అందదు. ముందుగా ఆలోచించుకొన్నవారికి వెంటనే అవుననుటయు సులభమే, వలదనుటయు సులభమే.