మన సినిమాల వరస మనమే పేర్చుకుందాం

(వాడ యువజనుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



జయంతి రాత్రి తెర కట్టి ఏ సినిమా వెయ్యాలని అడిగారు. ఒకరు ఒక హీరో పేరు చెప్తే ఇంకొకరు ఇంకో హీరో పేరు చెప్పారు. మాటా మాటా పెరిగింది కూడా. హీరోలను కాసేపు పక్కన పెడదాం. గొప్ప సినిమా అని దేన్నంటాం? ఎవరంటే అది గొప్పదవుతుంది? ముందు ఇది తేల్చుకోవాలి.

లండన్ నుంచి సైట్ అండ్ సౌండ్ అనే సినిమా పత్రిక వస్తుంది. 1952 నుంచి పదేళ్లకోసారి విమర్శకులతో ఓట్లు వేయించి గొప్ప సినిమాల పట్టీ అచ్చేస్తది. మొదటిసారి ఇటలీ వాళ్ల ‘బైసికిల్ థీవ్స్’ గెలిచింది. 1962 నుంచి 2002 దాకా అయిదుసార్లు అమెరికా వాళ్ల ‘సిటిజన్ కేన్’. 2012లో ‘వెర్టిగో’. 2022లో గెలిచింది ‘జాన్ డీల్‌మన్’. బెల్జియం ఆడమనిషి శాంతల్ అకెర్మాన్ 1975లో తీసింది. ఒక ఇల్లాలు ఆలుగడ్డల తొక్క తీసేది, గిన్నెలు కడిగేది మూడు గంటలకు పైగా చూపిస్తది. ఆడమనిషి తీసిన సినిమా ఆ పట్టీలో పైకెక్కడం అదే మొదలు.

47 ఏళ్ల పాత సినిమా అప్పుడే ఎట్లా పైకొచ్చింది? సినిమా అదే. 1952లో ఓటేసినోళ్లు వంద మంది కూడా లేరు, 2022లో 1600 మందికి పైగా వేశారు. కొత్తోళ్లకు ఓటొచ్చింది, కొలబద్ద మారింది. ఓటు విలువ మనకు ఇంకొకరు చెప్పాలా? పట్టీ ఎవరు రాస్తే వాళ్ల కన్ను అందులో ఉంటది. మన పట్టీ మనం రాసుకుందాం.

నా వరస చెప్తాను. కాదంటే కాదనండి, ఎందుకో చెప్పండి.

అయిదోది ‘మాలపిల్ల’, 1938. చలం కథ, గూడవల్లి రామబ్రహ్మం తీశాడు, కాంచనమాల వేషం కట్టింది. గుడి తలుపు దగ్గర మనల్ని ఆపిన సంగతిని ఆ రోజుల్లోనే తెర మీద పెట్టాడు. అందుకు దండం. అయితే కథ నడిపేది సంస్కర్తలు. వాళ్లు తలుపు తీస్తే మనం లోపలికి పోవాలి.

నాలుగోది ‘అంకుర్’, 1974. శ్యామ్ బెనెగల్ తీశాడు. తెలంగాణ పల్లె, భూస్వామి కొడుకు, వాళ్లింట్లో పనిచేసే లక్ష్మి. చివర్లో ఒక చిన్న పిల్లగాడు భూస్వామి కిటికీకి రాయి విసిరి ఉరుకుతాడు. ఆ రాయిని గుర్తుపెట్టుకోండి.

మూడోది ‘సద్గతి’, 1981. ప్రేమ్‌చంద్ కథ, సత్యజిత్ రాయ్ తీశాడు. బిడ్డ లగ్గానికి ముహూర్తం అడగపోయిన దుఖీ చేత అయ్యవారు ఖాళీ కడుపుతో మొద్దు కొట్టిస్తాడు. కొట్టి కొట్టి అక్కడే పడి చస్తాడు. శవాన్ని మనోళ్లు ఎత్తలేదు. ముట్టుకోకుండా కాలికి తాడేసి అయ్యవారే ఈడుస్తాడు. ఇంత నిజం చూపిన సినిమా తక్కువ. కానీ దుఖీ బతికుండగా ఎదురు మాట్లాడలేదు, చచ్చినాకే వాళ్ల దారికి అడ్డమయ్యాడు. నాకు అది సరిపోలేదు.

రెండోది ‘బైసికిల్ థీవ్స్’, 1948. తెల్లోళ్ల సినిమా మనకెందుకంటారేమో. సైకిలుంటేనే పని. కుదువ పెట్టిన సైకిలు విడిపించడానికి భార్య పక్క దుప్పట్లు తీసి తాకట్టు పెడుతుంది. ఆ సైకిలే పోతుంది. తండ్రి వేషం వేసినాయన నిజంగానే ఫ్యాక్టరీ కార్మికుడు. మన ఇళ్లలో తాకట్టు పెట్టని వస్తువేముంది?

మొదటిది ‘ఫండ్రీ’. మరాఠీ, 2013, నాగరాజ్ మంజులే తీశాడు. ఫండ్రీ అంటే కైకాడీ మాటలో పంది. బడికి పోయే జబ్యా, తోటి పిల్లలు చూసి నవ్వుతుంటే ఇంటోళ్లతో కలిసి ఊరి పందిని పట్టాలి. మధ్యలో బడి నుంచి జనగణమన వినిపిస్తది. అందరూ కదలకుండా నిలబడతారు, పంది పారిపోతది. పట్టిన పందిని మోసుకుపోతుంటే వెనక గోడ మీద అంబేద్కర్, సావిత్రీబాయి బొమ్మలు. చివరికి జబ్యా రాయి విసురుతాడు. అంకుర్‌లో రాయి భూస్వామి కిటికీకి తగిలింది, చూసేవాడు హాయిగా కూర్చున్నాడు. 39 ఏళ్ల తర్వాత జబ్యా రాయి నేరుగా తెర ముందున్న వాడి మీదికొస్తది. నువ్వెటు నిలబడ్డావని అడుగుతది.

ఏ పట్టీలోనూ పెట్టలేని సినిమా ఒకటుంది. మలయాళంలో మొదటి సినిమా ‘విగతకుమారన్’, 1930 ప్రాంతంలో వచ్చిన మూకీ. అందులో దళిత స్త్రీ పి.కె. రోజీ నాయర్ స్త్రీగా నటించింది. అగ్రకులాలోళ్లు ఓర్వలేక ఆమె మీద దాడి చేసి ఊరు విడిచేటట్టు చేశారు. ఆ రీళ్లూ ఇప్పుడు లేవు. మన చేతికి రాకుండా పోయినవాటిని కూడా లెక్క రాయాలి.

ఈలలు వెయ్యొద్దని నేననను. ఈల వేసినాక మూడు మాటలు అడగండి. మనోడికి ఆ కథలో పేరుందా? పని చేసే చెయ్యి కనిపించిందా? వాడు ఏడిపించడానికే ఉన్నాడా, ఎదురు నిలిచాడా?

ఈ జయంతికి ‘ఫండ్రీ’ వేద్దాం. మరాఠీ రాదని భయం వద్దు. మూకీల రోజుల్లో తెర పక్కన నిలబడి కథ చెప్పేవాళ్లు ఉండేవారు. మన చదువుకున్న చెల్లెళ్లు ఆ పని చెయ్యగలరు. అయిపోగానే దీపం వేసి ముందు ఆడోళ్లను మాట్లాడనివ్వండి. ఇంటికొక్కరు తమ వరస రాసివ్వండి. నా వరస తలకిందులైతే నాకు సంతోషమే.

జై భీమ్!