అప్రూవర్ వేరు, ఇన్ఫార్మర్ వేరు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల సంగతి ముందు మాట్లాడినవారు చెప్పారు గనుక నేను వేరే విషయం ఎత్తుకుంటాను. పేపర్లలో అప్రూవర్, ఇన్ఫార్మర్ అనే మాటలు తరచూ చదువుతుంటాం. మనలో చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. ముప్పై ఏళ్లు ఫైళ్ల మధ్య బతికిన గుమాస్తాగా నాకు కనిపించే తేడా ఇది: అప్రూవర్‌కు కాగితం ఉంటుంది, ఇన్ఫార్మర్‌కు ఉండదు.

అప్రూవర్ కూడా నేరంలో పాలుపంచుకున్నవాడే. తెలిసినదంతా దాచకుండా చెబుతానంటే కోర్టు క్షమాభిక్ష ఇస్తుంది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 306వ సెక్షన్. 2024 జూలై నుంచి కొత్త సంహితలో 343. మేజిస్ట్రేటు కారణం రాసి మరీ ఇవ్వాలి. ఆ తర్వాత అతడు బోనెక్కాలి, ఎదుటి ప్లీడరు అడ్డుప్రశ్నలు వేస్తాడు. ఏదైనా దాచాడంటే మళ్లీ ముద్దాయే.

ఇన్ఫార్మర్‌కు ఇవేవీ లేవు. సమాచారం ఎవరిచ్చారో చెప్పమని పోలీసును బలవంతపెట్టకూడదని పాత సాక్ష్యచట్టం 125వ సెక్షనే చెప్పింది. డబ్బు సీక్రెట్ సర్వీస్ పద్దు కింద పోతుంది. మామూలు కంటింజెంట్ బిల్లుకైతే టీ ఖర్చుకు కూడా వోచరు అడిగేవాళ్లం! దానికి మాత్రం అధికారి సర్టిఫికెట్ చాలు. ఇందులో అన్యాయం లేదు, పేరు బయటపడితే ఆ మనిషి ప్రాణం దక్కదు. ఆ మనిషే ముఠా నాయకుడైతేనే చిక్కు.

మనం హైదరాబాదు పోయే దోవలో షాద్‌నగర్ వస్తుంది గదా. 2016 ఆగస్టు 8న అక్కడి మిలీనియం టౌన్‌షిప్‌లో పోలీసు కాల్పుల్లో నయీం చనిపోయాడు. భువనగిరివాడు, పీపుల్స్‌వార్‌లో పనిచేశాడు. 1993 జనవరి 27న లాల్ బహదూర్ స్టేడియంలో ఐ.పి.ఎస్. అధికారి వ్యాస్‌గారిని కాల్చి చంపిన కేసులో ముద్దాయి. గ్రేహౌండ్స్ దళాన్ని నెలకొల్పింది ఆ వ్యాస్‌గారే. తరువాత నయీం పాత సహచరులకు ఎదురుతిరిగి, పోలీసులకే సమాచారమిచ్చే మనిషిగా మారాడని పత్రికలు రాశాయి. గాయని బెల్లి లలిత, పౌరహక్కుల నాయకులు పురుషోత్తం, ఆజం అలీల హత్యల్లో అతని ముఠా పేరే వినిపించింది. బెయిలు మీద వచ్చి కోర్టుకు మొహం చాటేసినా ఏళ్ల తరబడి దొరకలేదు. పోలీసు అధికారినే చంపిన కేసులో ముద్దాయికి అన్నేళ్లు ఎవరి అండ ఉందో నాకు అంతుపట్టదు. చనిపోయాక సిట్ వేశారు. నోట్లు లెక్కపెట్టే యంత్రాలు తెప్పించారు. గుట్టలుగా భూముల దస్తావేజులు దొరికాయి. 2017లో కొందరు పోలీసు అధికారులను సస్పెండ్ చేశారు. కానీ అతడు ఎవరికి, ఏ షరతు మీద పనిచేశాడో చెప్పే కాగితం మాత్రం జనం ముందుకు రాలేదు.

అమెరికాలో బోస్టన్ ముఠా నాయకుడు బల్గర్‌దీ ఇదే తీరు. 1975 నుంచి ఎఫ్.బి.ఐ. ఇన్ఫార్మర్. 1994లో పరారై 2011లో దొరికాడు. అయితే అక్కడ అతని పేరున ఫైలుంది. అది కోర్టుకెక్కింది, అతన్ని నడిపిన అధికారికి 2002లో శిక్ష పడింది.

మనకెందుకంటారా? నయీం ముఠా మీద వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం బెదిరించి రాయించుకున్న స్థలాలవే. మనవాళ్ళు గ్రాట్యుటీ డబ్బుతో పిల్లలకు కొనిపెట్టినవి అలాంటి ప్లాట్లే. భువనగిరి వైపు ఎవరికైనా స్థలముంటే ఒకసారి ఇ.సి. తీయించి చూసుకోండి. కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. సెలవు.