కరోనా వార్డులో నర్సులు ఎలా నిలబడ్డారు



నర్సుల సేవ గురించి రెండు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. సేవ గురించి మీరు చాలా విన్నారు. ఆ సేవ చేసే మనిషి భారాన్ని ఎలా తట్టుకుంటుందో, కరోనా వార్డులో పనిచేసిన నర్సుగా మనవి చేస్తాను.

మన అన్నోజిగూడ నుంచి ఉప్పల్ దాటి పట్నంలోకి పోతే నల్లకుంటలో ఫీవర్ ఆసుపత్రి ఉంది. పెద్దవాళ్లు దాన్ని నేటికీ కోరంటి దవాఖానా అంటారు. క్వారంటైన్ అనే మాటే జనం నోళ్లలో నలిగి కోరంటి అయింది. కనుక అంటురోగం వస్తే మనిషిని విడిగా ఉంచడం మనకు కొత్త కాదు. 2020 మార్చి 2న తెలంగాణలో మొదటి కరోనా కేసు బయటపడ్డాక తెలిసిందేమంటే, రోగితోపాటు నర్సు కూడా కోరంటిలో పడుతుందని.

కిట్టు తొడిగితే డ్యూటీ దిగేదాకా మంచినీళ్లు లేవు, బాత్‌రూమ్ లేదు. అందుకని ముందునుంచే నీళ్లు తాగడం మానేసేవాళ్లం. నెలసరి రోజుల్లో ఆడపిల్లల అవస్థ నేను వివరించక్కర్లేదు, తల్లులకు తెలుసు. కళ్లద్దాలకు ఆవిరి పట్టి నరం దొరికేది కాదు. అందరం ఒకేలా కనిపిస్తాం కనుక వీపుమీద పెన్నుతో పేరు రాసుకునేవాళ్లం. 2020లోనూ, 2021లోనూ రంజాన్ ఆ గొడవలోనే వచ్చింది. కొందరు కిట్టులోనే రోజా ఉన్నారు, కొందరు తర్వాత కజా తీర్చుకున్నారు.

ఇదంతా ఒంటి కష్టం, నిద్రపోతే కొంత తీరుతుంది. మనసు కష్టం వేరు. బంధువుల్ని లోపలికి రానివ్వరు. కొడుకు ఫోన్ చేస్తే ముసలాయన ముఖం చూపించేది నర్సే, ఆఖరి ఘడియలో చెయ్యి పట్టుకునేదీ నర్సే. 2021 ఏప్రిల్‌లో ఆక్సిజన్ కోసం ఖాళీ ట్యాంకర్లను బేగంపేట నుంచి విమానాల్లో ఒడిశాకు పంపారు, గుర్తుందా? ఆ రోజుల్లో పొద్దున ఇంటికొచ్చి పడుకున్నా చెవుల్లో మానిటర్ మోగుతూనే ఉండేది.

మరి ఎలా తట్టుకున్నాం? చాలామంది ధైర్యం అంటారు. నేను జోడీ అంటాను. కిట్టు విప్పేటప్పుడు ఎక్కడ చెయ్యి తగిలిందో చెప్పడానికి ఎదురుగా ఒకరు నిలబడాలి. ఆ మనిషి దగ్గరే ఏడుపూ. డ్యూటీ దిగాక పది నిమిషాలు ఆ రాత్రి సంగతులు చెప్పుకునిగాని కదిలేవాళ్లం కాదు. ఒక చిన్నపిల్ల, “అప్పా, ఇవాళ ఆ పడక దగ్గరికి పోలేను” అంటే, “సరే, నేను పోతా, నువ్వు మందులు చూడు” అనే సీనియర్ ఉండేది. ఆ మాట అనాలంటే వార్డులో సరిపడా మనుషులుండాలి. ఒక్కతే పదిమందిని చూస్తుంటే ఎవర్ని పంపుతుంది?

2020 మే 3న సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రి మీద వైమానిక దళం హెలికాప్టర్ పూలు చల్లింది. సంతోషమే. అదే గాంధీలో జూలై నెలలో ఔట్‌సోర్సింగ్ నర్సులు పని ఆపి బయట కూర్చున్నారు. అప్పుడు వాళ్ల జీతం 17,500 రూపాయలు. సమ్మె తర్వాత 25,000 చేశారు, కరోనా డ్యూటీకి రోజుకు 750 అదనమన్నారు. రోగుల్ని వదిలేశారని కొందరు తప్పుపట్టారు. నేను పట్టను. ఇంటి అద్దెకు వెతుక్కుంటున్న మనిషి వార్డులో ఎంతసేపని స్థిమితంగా ఉంటుంది? ఆ అద్దె ఇల్లు కూడా దొరకని రోజులు చూశాం. వైద్య సిబ్బందిపై దాడుల్ని ఆపడానికి 2020 ఏప్రిల్ 22న కేంద్రం ఆర్డినెన్సు తేవలసివచ్చిందంటే మీరే ఆలోచించండి.

ఇక మన ఇళ్ల సంగతి. నైట్ డ్యూటీ చేసి వచ్చిన కోడలు పదింటికి పడుకుంటే, “పగటి నిద్రేమిటి” అనే అత్తలు మనలో ఉన్నారు, కోపం తెచ్చుకోవద్దు. వీధిలో ఎవరికి సూది వెయ్యాలన్నా ఆ తలుపే కొడతాం. ఆమె ముభావంగా ఉంటే పొగరు అంటాం. ఆ రాత్రి ఏం చూసి వచ్చిందో అడగం.

మొన్న ఒక తల్లి అడిగారు: మా అమ్మాయిని నర్సింగులో చేర్చమంటారా? చేర్చండమ్మా. ఉద్యోగంలో చేరేముందు మాత్రం మూడు సంగతులు కనుక్కోండి: రాత్రి ఒక్కో నర్సుకు ఎందరు రోగులు, జీతం ఆసుపత్రి ఇస్తుందా ఏజెన్సీ ఇస్తుందా, నైట్ డ్యూటీ మర్నాడు సెలవుందా. పెళ్లి సంబంధం చూసేటప్పుడు కూడా ఆ మూడో ప్రశ్న అబ్బాయి తల్లిని అడగండి.