ఆకాశంలో మన వాటా



ఈవేళ విమానాల గురించి నాలుగు మాటలు చెప్పుకుందామని వచ్చాను. "వంటలో, పిల్లల పెంపకమో చెబుతారనుకుంటే, ఆడవాళ్ళకు విమానాల గొడవేమిటండీ?" అని మీలో కొందరు నవ్వుకుంటూ ఉండవచ్చు. నవ్వండి, తప్పులేదు. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. మా పామర్రు సెంటరు నుంచి ఒక దారి బందరుకు పోతుంది, ఒకటి గుడివాడకు, ఒకటి బెజవాడకు. ఏ దారిన పోయి ఏ ఊళ్ళో తలుపు తట్టినా, కొడుకో కూతురో అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఇల్లు ఒకటైనా తగలకుండా ఉండదు. కూతురి పురుటికని సముద్రాలు దాటి ఆరేసి నెలలు ఉండి వచ్చిన అమ్మలూ, అత్తగార్లూ మన చుట్టూ ఎంతమంది! మన అమ్మమ్మలకు కాశీ ఎంత దూరమో మనకు కాలిఫోర్నియా అంత దూరమయింది. మరి మనం ఎక్కి దిగే ఆ వాహనం మన దేశానికి ఎట్లా వచ్చిందో, అందులో మన ఆడవాళ్ళ పాత్ర ఏమిటో తెలుసుకోవద్దూ?

నిజం చెప్పాలంటే మన కోస్తా జిల్లాల వాళ్ళకు విమానం మొదట భయంగానే పరిచయమయింది. రెండవ ప్రపంచ యుద్ధంలో 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ రోజుల్లో ఆకాశంలో మోత వినపడితే పిల్లల్ని చంకనేసుకుని లోపలికి పరుగెత్తిన తల్లులు ఎందరో. మన గన్నవరం విమానాశ్రయం కూడా ఆ యుద్ధకాలంలో సైన్యం అవసరాలకు వాడుకున్నదే. యుద్ధం పోయింది, మైదానం మిగిలింది. తరువాత అదే మామూలు ప్రయాణికుల విమానాశ్రయమయింది. 2017లో అంతర్జాతీయ హోదా కూడా వచ్చింది.

అయితే మన దేశంలో విమానం కథ అంతకంటే చాలా ముందే మొదలయింది. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదు నుంచి పక్కనున్న నైనీకి హెన్రీ పెకె అనే ఫ్రెంచి యువకుడు విమానంలో దాదాపు 6,500 ఉత్తరాలు మోసుకుపోయాడు. ప్రపంచంలో అధికారికంగా విమానం మోసిన తొలి టపా అదేనంటే నమ్ముతారా? ఆ తరువాత 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా ఒక చిన్న పుస్ మాత్ విమానంలో కరాచీ నుంచి బొంబాయికి టపా తెచ్చారు. మధ్యలో అహమ్మదాబాదులో దిగితే పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద తెచ్చి పోశారట! బొంబాయి నుంచి ఆ టపా బళ్ళారి మీదుగా మద్రాసు చేరింది. ఇవాళ మనం ఎయిర్ ఇండియా అంటున్న సంస్థకు అంకురం అక్కడే పడింది. 1953లో ప్రభుత్వం దాన్ని తీసుకుంది. 2022 జనవరిలో అది మళ్ళీ టాటాల చేతికి వచ్చింది. పుట్టింటి నుంచి మెట్టింటికి పోయి, మళ్ళీ పుట్టింటికి చేరినట్టన్నమాట.

ఇక మన తెలుగుగడ్డ సంగతి చూద్దాం. 1945లో హైదరాబాదులో నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ అనే సంస్థను పెట్టారు. బేగంపేట దాని నెలవు. యుద్ధంలో సైనికుల్ని మోసిన డకోటా విమానాలకే సీట్లు బిగించి ప్రయాణికుల్ని తిప్పారు. 1953లో దేశంలోని ఎనిమిది కంపెనీలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేసినప్పుడు ఇదీ అందులో కలిసిపోయింది. ఈ డెక్కన్ ఎయిర్‌వేస్‌ను మనం మరిచిపోకూడదు. ఎందుకో చెబుతాను.

ప్రేమ్ మాథుర్ అనే యువతి 1947లో వాణిజ్య విమానాలు నడిపే లైసెన్సు సంపాదించింది. ఉద్యోగం కోసం కంపెనీ తరువాత కంపెనీకి అర్జీలు పెట్టుకుంది. ఎనిమిది కంపెనీలు కాదన్నాయని చెబుతారు. ఆడమనిషి నడిపే విమానం ఎవరెక్కుతారు అన్నది వాళ్ళ సందేహం. చివరకు ఆమెకు పని ఇచ్చింది మన హైదరాబాదులోని డెక్కన్ ఎయిర్‌వేస్. అట్లా ఆమె మన దేశంలో తొలి మహిళా వాణిజ్య పైలట్ అయింది. 1949లో జాతీయ విమాన పందెంలో నెగ్గింది కూడా. కాదన్న వాళ్ళంతా అప్పుడేమనుకున్నారో!

అంతకు ముందు కూడా ఉన్నారు. 1932లోనే ఊర్మిళా పారిఖ్ అనే ఆమె పైలట్ లైసెన్సు పొందింది. 1936లో లాహోరులో సరళా థక్రాల్ ఒంటరిగా జిప్సీ మాత్ విమానం నడిపింది. అప్పటికి ఆమెకు 21 ఏళ్ళు, నాలుగేళ్ళ కూతురు ఉంది. ఆమె కట్టుకున్నది చీరే! చీరతో ఏ పనీ కుదరదనే వాళ్ళకు ఈ సంగతి చెప్పండి. ఆమె భర్త కూడా పైలటే. 1939లో విమాన ప్రమాదంలో ఆయన పోయారు. ఆమె పైచదువు యుద్ధం వల్ల ఆగిపోయింది. అంతటితో కుంగిపోలేదామె. బొమ్మలు వేయడం నేర్చుకుంది. దేశవిభజన తరువాత ఢిల్లీ వచ్చి చీరల మీద అద్దకాలు, నగల నమూనాలు చేస్తూ స్వయంగా సంపాదించుకుని బతికింది. నాకు ఆమె విమానం నడిపిన ముచ్చట ఎంత గొప్పో, ఆ తరువాతి బతుకూ అంత గొప్పగానే తోస్తుంది.

ఆ తరువాత తలుపులు మెల్లిమెల్లిగా తెరుచుకున్నాయి. 1985లో కెప్టెన్ సౌదామినీ దేశ్‌ముఖ్ నాయకత్వంలో కలకత్తా నుంచి సిల్చారుకు అందరూ ఆడవాళ్ళే నడిపిన విమానం వెళ్ళింది. 1994లో వాయుసేనలో హరితా కౌర్ దేవల్ ఆవ్రో విమానాన్ని ఒంటరిగా నడిపింది. ఆ అమ్మాయి రెండేళ్ళకే, 1996 డిసెంబరులో, మన నెల్లూరు దగ్గర జరిగిన విమాన ప్రమాదంలో కన్నుమూసింది. చాలా చిన్న వయసు. ఈ పనిలో ప్రమాదం లేదని నేను చెప్పడం లేదు. కానీ ఆమె వెనుక వచ్చిన అమ్మాయిలు ఆగలేదు. 2016 జూన్ 18న హైదరాబాదు దగ్గర దుండిగల్ వాయుసేన అకాడమీలో అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ మన తొలి మహిళా యుద్ధవిమాన పైలట్లుగా బయటికి వచ్చారు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగుళూరుకు ఉత్తరధ్రువం మీదుగా పెద్ద బోయింగ్ విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్, కెప్టెన్ తన్మయి పాపగారి, మరి ఇద్దరు మహిళా పైలట్లు నడిపి తెచ్చారు. నేడు మన దేశంలో నూరుమంది పైలట్లలో దాదాపు పదిహేనుమంది ఆడవాళ్ళే. ప్రపంచం మొత్తం మీద చూస్తే అయిదారుగురే. ఇది మనం గర్వపడవలసిన లెక్క.

ఇక విమానాలు కొనుక్కోవడమే కాదు, చేసుకోవడం కూడా మనవాళ్ళకు తెలుసు. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ బెంగుళూరులో విమానాల కర్మాగారం పెట్టారు. నేటి హిందూస్తాన్ ఏరోనాటిక్స్ అదే. 1961లో మారుత్ అనే యుద్ధవిమానం అక్కడే తయారై ఎగిరింది. మారుతమంటే గాలి కదా, చక్కని పేరు. 2001 జనవరి 4న తేజస్ మొదటిసారి ఎగిరింది. 1963 నుంచి దేశాన్ని కాచిన మిగ్-21లు 2025 సెప్టెంబరులో పదవీ విరమణ చేశాయి. విశాఖపట్నం వెళ్ళినప్పుడు బీచి రోడ్డులో పెట్టిన టీయూ-142 విమానం చూసి రండి. 29 ఏళ్ళు మన సముద్రాలకు కాపలా కాసిన విమానం అది. పిల్లల్ని లోపలికి తీసుకువెళ్ళి చూపించవచ్చు.

అంతదూరమెందుకు? మా పామర్రు దగ్గరే నిమ్మలూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వారు మన సైన్యం కోసం చీకట్లో చూడగలిగే పరికరాలు తయారుచేసే కర్మాగారం కట్టారు. 2025 అక్టోబరులో దాన్ని జాతికి అంకితం చేశారు. ఇది ఊడిపడ్డ విద్య కాదు. బందరులో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ అని ఒకటుండేది. దాన్ని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. బందరంటే కలంకారీ, లడ్డూ మాత్రమే కాదండీ!

మరి విమానాన్ని మన జిల్లా ఆత్మీయంగా ఎప్పుడు చూసిందంటే, 1977 నవంబరులో. 19వ తేదీన వచ్చిన తుపానూ ఉప్పెనా దివిసీమను తుడిచిపెట్టాయి. పదివేలమందికి పైగా పోయారు. రోడ్లు లేవు, వంతెనలు లేవు, తాగడానికి మంచినీళ్ళు లేవు. నాలుగు దిక్కులా ఉప్పునీళ్ళే. అప్పుడు పైనుంచి హెలికాప్టర్లు పొట్లాలు జారవిడిచాయి. 1942లో మోత వింటే లోపలికి పరుగెత్తిన మనుషులే, ఆనాడు అదే మోత వినపడితే చేతులు చాపి బయటికి వచ్చారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు కూడా హెలికాప్టర్లూ, వాటితోపాటు డ్రోన్లూ మేడల మీది వాళ్ళకు అన్నం అందించాయి. యంత్రానికి స్నేహమూ పగా ఉండవు. దాన్ని నడిపేవాళ్ళ బుద్ధిని బట్టే అది చుట్టమో శత్రువో అవుతుంది.

ఇప్పుడు కాస్త ఇంటి కబుర్లు. అంత బరువు గాలిలో ఎట్లా తేలుతుందని పిల్లలడిగితే ఏం చెబుతారు? గాలిలో చెయ్యి చాపినప్పుడు అరచెయ్యి ముందువైపు కాస్త పైకెత్తితే ఏమవుతుంది? ఎదురుగాలి ఆ చేతిని పైకి నెడుతుంది. రెక్క చేసే పనీ ఇంచుమించు అదే. అది గాలిని కిందికి తోస్తుంది, గాలి దాన్ని పైకి లేపుతుంది. ఇంజను ముందుకు పరుగెత్తిస్తున్నంత సేపూ ఆ లేపడం ఆగదు.

అమ్మాయి దగ్గరకు ఆవకాయ పట్టుకుపోయే వాళ్ళకొక మాట. విమానం ముప్పయి అయిదు వేల అడుగుల ఎత్తున పోతున్నా, లోపల గాలిని ఆరేడువేల అడుగుల కొండ మీద ఉన్నట్టుగా ఉంచుతారు. అందుకే చెవులు దిబ్బెళ్ళు వేస్తాయి. ఉమ్మి మింగినా, ఆవులించినా సర్దుకుంటాయి. అందుకే చిప్సు పొట్లం బూరెలా ఉబ్బుతుంది. ఊరగాయ సీసాలో చిక్కుకున్న గాలి కూడా అట్లాగే వ్యాకోచించి నూనెను బయటికి నెడుతుంది. కాబట్టి సీసాలు వద్దు. మందమైన కవర్లలో గాలి తీసేసి, ఒకదాని మీద ఒకటిగా రెండు మూడు కవర్లు వేసి మూతి బిగించండి. పెద్ద పెట్టెలోనే పెట్టండి. విదేశీ ప్రయాణాల్లో నూరు మిల్లీలీటర్లకు మించిన ద్రవాలు చేతిసంచిలో ఒప్పుకోరు. నూనె తేలే ఆవకాయనూ ఆ లెక్కలోనే వేస్తారు. మీరు వెళ్ళే దేశంలో ఏవి తీసుకురానిస్తారో ముందే కనుక్కోండి. అక్కడ దిగాక పారబోయించుకుంటే కడుపు తరుక్కుపోతుంది!

చివరగా అసలు మాట. మన ఇళ్ళల్లో పదో తరగతి ఫలితాలు రాగానే ఇంటరులో ఏ గ్రూపు అనే చర్చ మొదలవుతుంది. ఆడపిల్ల "నాకు లెక్కలంటే ఇష్టం, నేను విమానం నడుపుతాను" అంటే మనం ఏమంటున్నాం? "నీకెందుకమ్మా ఆ కష్టం, సుఖమైన ఉద్యోగం చూసుకోక!" అంటున్నాం. ఆ ఒక్క మాటతో తలుపు మూసుకుపోతుంది. నేషనల్ డిఫెన్సు అకాడమీలో 2022 నుంచి ఆడపిల్లల్ని చేర్చుకుంటున్నారు. 2025 మేలో తొలి జట్టులో 17 మంది అమ్మాయిలు చదువు ముగించుకుని వచ్చారు. అక్కడ వాయుసేన వైపు వెళ్ళాలంటే ఇంటరులో లెక్కలూ, భౌతికశాస్త్రమూ ఉండాలి. అంటే ఆ అమ్మాయి భవిష్యత్తు పదహారో ఏట మన వంటింటి గడప దగ్గరే తేలిపోతున్నదన్నమాట. అక్కడ ప్రభుత్వమే చదువు చెప్పిస్తుంది. ప్రైవేటుగా పైలటు చదువంటే లక్షలు పోయాలి. అది అందరివల్లా అయ్యేది కాదు. కానీ విమానమంటే పైలటు ఒక్కరే కాదు. దాన్ని మరమ్మతు చేసే ఇంజనీర్లున్నారు, నేల మీద కూర్చుని దారి చూపే కంట్రోలర్లున్నారు, గాలివానల కబురు చెప్పే వాతావరణ శాస్త్రజ్ఞులున్నారు. ఉప్పెన చూసిన మన జిల్లాకు ఆ చివరివాళ్ళ విలువ వేరే చెప్పనక్కర్లేదు.

పిల్లలందరూ పైలట్లు కావాలని నేననడం లేదు. అడిగిన పిల్లను కాదనేముందు కాస్త ఆగండి అంటున్నాను. ఆనాడు ప్రేమ్ మాథుర్‌ను ఎనిమిది చోట్ల కాదన్నారు, తొమ్మిదో చోట ఔనన్నారు. మన ఇంటి పిల్లకు ఆ ఔను అనే మాట బయటివాళ్ళ నోట కాక ముందు తల్లి నోట వినపడితే ఎంత బాగుంటుంది! ఏమంటారు?